చినమడుగు గేజిలో పోయిన అడుగు

పోయిన వారం హైమని చినమడుగు లాకు దగ్గర, మోకాలి లోతు బురదలో, లెవెలు మిషను పక్కన నిలబెట్టి వచ్చేశాను. పాపం పిల్ల వారం రోజులుగా వానలో అక్కడే ఉందా అని ముగ్గురు పాఠకులు ఉత్తరాలు రాశారు. లేదండీ, ఇంటికి చేరింది. తల తుడుచుకుని వేడివేడిగా అన్నం కూడా తింది. కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకి వెళ్తాను.

హైమ ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. చదివింది డిప్లొమా. రాజమండ్రిలో ఇంజనీర్ల సంఘం శాఖవారు ప్రతి ఆదివారం నడిపే క్లాసులకి నాలుగేళ్లుగా వస్తోంది. ఇంకొక్క పరీక్ష గట్టెక్కితే డిగ్రీ చదివినవాళ్లతో సమానం. ఆ క్లాసులు చెప్పేది శాఖ ఛైర్మన్ లక్ష్మీనరసింహంగారు. ఇరిగేషన్‌లో డిప్యూటీ ఇంజనీరుగా, అంటే డీఈగా రిటైరయ్యారు. ఆ సంఘమే ఈ ఏడు లంక ఊళ్ల హైస్కూళ్లకి వెళ్లి, పిల్లలచేత లెవెలు మిషను పట్టించి మట్టాలు తీయించే కార్యక్రమం పెట్టింది. అందులో పాపాయిలంక పదో తరగతి అమ్మాయి దుర్గాశ్రీ, ఎత్తు ఖాయంగా తెలిసిన బెంచిమార్కు రాయి దగ్గర మొదలుపెట్టి, నది నీటిమట్టం చూపే గేజి దాకా మట్టం లాక్కొచ్చి, గేజిలో ఒక అడుగు తేడా వస్తోందండి అంది. సరిగ్గా చూడటం నేర్చుకో ముందు అని, నేర్పడానికి వెళ్లిన హైమ ఆ అమ్మాయిని కసిరింది. తరవాత మనసూరుకోక తనే మూడుసార్లు తీసింది. మూడుసార్లూ అదే అడుగు. నదిలో పన్నెండడుగుల నీళ్లుంటే గేజి పదకొండు చూపిస్తోంది.

అడుగు తేడాకి ఇంత గొడవేంటి అనకండి. పాపాయిలంకవాళ్లకి ఆ గేజి మాటే మాట. గేజి పన్నెండు చూపితే ఆఫీసువాళ్లు లంక ఖాళీ చేయిస్తారు. పదమూడు దాటితే గట్టు పొర్లి నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. పన్నెండు అని మైకులో చెప్పేదాకా పశువుల్ని వదిలి ఒక్కరు కూడా కదలరు. అంటే వాళ్లకి తప్పించుకోడానికి ఉన్నదే ఒక్క అడుగు వ్యవధి. ఆ అడుగు కాస్తా గేజిలో పోయింది.

ఎనభయ్యారు వరదకి పాత గేజి కొట్టుకుపోయాక కొత్తది బిగించిందెవరా అని హైమ పాత ఫైళ్లు వెతికింది. దొరికిన సంతకం లక్ష్మీనరసింహంగారిది. అది నమ్మలేక మళ్లీ మిషను పట్టుకుని లాకు దగ్గరికి వెళ్లింది, అక్కడ ఆపాను.

ఇక ఈ వారం ఆదివారం. తెల్లవారిందో లేదో తెలియకుండానే తెల్లవారింది. శ్రావణమాసపు మబ్బు గోదారి మీదకి దిగిపోయి, నీళ్లెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో అంతుపట్టడం లేదు. సంఘం హాలు రేవుకి దగ్గర్లో, ఒక మందుల షాపు మేడమీద ఉంటుంది. తలుపు తీస్తే మూడు కిటికీలు, మూడింటి నిండా గోదారి. ఎర్రనీళ్లు చప్పుడు లేకుండా జారిపోతుంటే కాసేపు చూసినవాళ్లకి నీళ్లు ఆగిపోయి, హాలే మెల్లగా ఎగువకి సాగిపోతున్నట్టు ఉంటుంది.

హైమకి ఎప్పుడూ అలాగే ఉంటుంది. క్లాసులో కాస్త కళ్లు బరువెక్కగానే బల్లలూ, బ్లాక్‌బోర్డూ, మాస్టారూ అందరూ కలిసి భద్రాచలం వైపు బయల్దేరిపోతారు. ఒకసారి మాస్టారు ఆ చూపు పట్టేసి ఎందాకా వెళ్లాం అమ్మాయ్ అని అడిగారు. పోలవరం దాటామండి అంది ఆ మత్తులోనే. క్లాసంతా ఘొల్లుమంది. ఆయన మాత్రం నవ్వకుండా, పాపికొండలు రాగానే చెప్పు, నేనూ చూస్తాను అని పాఠంలోకి వెళ్లిపోయారు. అలాంటి మనిషి ఆయన. అలాంటి మనిషి చేతిలో ఈ కాగితాలు ఎలా పెట్టాలో తెలియక హైమ రెండు రాత్రులు నిద్రపోలేదు.

పెట్టక తప్పదు. పదింటికి నెలవారీ సభ. ఈ నెల పేపరు చదవాల్సింది హైమే. ఛైర్మన్ చదివి సంతకం పెట్టనిదే సభలో ఏ పేపరూ చదవకూడదని ఆ శాఖలో ఒక కట్టుబాటు. పెట్టింది ఆయనే. లంక స్కూల్లో మా అనుభవాలు అని రాస్తానని హైమ ఆయనకి చెప్పింది. రాసింది మాత్రం గేజి గురించి.

తొమ్మిదింటికి వెళ్లేసరికి మాస్టారు ఒక్కరే ఉన్నారు. పంచె పైకి కట్టుకుని పాత తువ్వాలుతో కుర్చీలు తుడుస్తున్నారు. వచ్చేది పదకొండుమంది. తుడిచేది నలభై కుర్చీలు. మాణిక్యాంబగారు పంపిన ఫ్లాస్కులోంచి కాఫీ తనే పోసిచ్చి, భార్య ఇవాళ పంచదార మరిచిపోయిందని హైమకి ముందే క్షమాపణ చెప్పారు. హైమ ఆ చేదు కాఫీ తాగేసింది. చేదని కూడా తెలియలేదు.

కాగితాలు అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. పేపరు పేరు చూసి కనుబొమలు కొంచెం లేచాయి. మొదటి పేజీ చదివారు. దుర్గాశ్రీని హైమ కసిరిన చోట చిన్నగా నవ్వారు. రెండో పేజీలో మట్టాల పట్టిక వచ్చింది. అక్కడ ఆగి జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశారు.

హైమ కిటికీలోంచి గోదారినే చూస్తోంది. ఒక్క కూడిక తప్పు దొరికితే బాగుండు భగవంతుడా అనుకుంది. ఒక్క తీసివేత. ఎప్పట్లాగే ఎర్రగీత కొట్టి, ఏంటమ్మా ఇది, పక్కవాడి పొలంలోకి వెళ్లిపోయావు అని నవ్వితే బాగుండు. నాలుగేళ్లలో తన లెక్క తప్పు కావాలని ఆ పిల్ల కోరుకోవడం ఇదే మొదలు. దూరంగా ఒక చెట్టు వేళ్లతో సహా కొట్టుకుపోతూ, దాని మీద రెండు కొంగలు ప్రయాణం చేస్తూ కనిపించాయి. అవి మూడో కిటికీ దాటేదాకా చూసి ఇటు తిరిగింది.

పట్టికలో ప్రతి అంకె పక్కనా ఎర్రటి టిక్కు ఉంది. చివరి అంకె దాకా.

"లెక్క సరిగ్గా ఉందమ్మా" అన్నారు మాస్టారు. పేజీ తిప్పి, గేజి బిగించిన అధికారి పేరు రాయాల్సిన చోట వేలు పెట్టారు. అక్కడ చుక్కలున్నాయి. "ఇక్కడ చుక్కలు పెట్టావేంటి? పేరు దొరకలేదా?"

"దొరికిందండి."

"మరి?"

"చెయ్యి రాలేదండి మాస్టారూ."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పెట్టి, బ్లాక్‌బోర్డు మీద లెక్క చేస్తున్నట్టుగానే, గొంతు పెంచకుండా, తగ్గించకుండా మొత్తం చెప్పేశారు.

ఎనభయ్యారు వరద తీశాక చినమడుగులో బెంచిమార్కు రాయి ఒండ్రు కింద కూరుకుపోయింది. అది తవ్వించి చూసే తీరిక లేదు. ఎగువన మళ్లీ వాన, గేజి సాయంత్రానికల్లా కావాలి. పాత డ్రాయింగులో లాకు రేవు పైమెట్టు మట్టం రాసుంది. సరే అని పైమెట్టు మీద స్టాఫ్, అంటే అంకెలున్న కొలతకర్ర, నిలబెట్టి, అక్కణ్ణుంచి కిందికి కొలిచి గేజి బిగించేశారు. బిగించి ఇంటికెళ్లి నిద్రపోయారు. డ్రాయింగులో ఉన్న పైమెట్టు మీద, ఎనభై మూడులో ఇంకో వరస రాయి పేర్చారు. నీళ్లకొచ్చే ఆడవాళ్లు జారిపడుతున్నారని. సరిగ్గా అడుగు ఎత్తు రాయి. ఆ మెట్టు అడుగు పైనుందని మరిచి కొలిచారు కాబట్టి గేజి కూడా అడుగు పైన కూర్చుంది.

"ఆ వరస పేర్పించిందెవరో తెలుసా? నేనే" అన్నారు. "దగ్గరుండి పేర్పించాను. మూడేళ్లకి మర్చిపోయాను."

మరుసటి ఎండాకాలం ఒండ్రు తీయించినప్పుడు రాయి బయటపడింది. రాయి మీంచి మట్టం తీస్తే అడుగు తేడా. ఆ సాయంత్రం ఆయన ఒక్కరే మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చున్నారు. వరదలో బాగా పనిచేశారని అప్పటికి రెండు నెలల క్రితమే సన్మానం చేశారు. జిల్లాలో కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరుకీ లెవెలింగు నేర్పేది ఆయనే. సిగ్గు ముంచేసింది. రేపు మార్పిద్దాం అనుకున్నారు. ఏడేళ్లు రేపు అనుకున్నారు. ఈలోగా ఎవరికీ నష్టం రాకుండా ఒక ఏర్పాటు చేసుకున్నారు. వరదొస్తే గంటగంటకీ లాకు కాపలా ఉండే లస్కరు చిట్టియ్య ఫోన్లో గేజి ఎంతుందో చెబుతాడు. అతను పది అంటే ఈయన పదకొండు అని పైకి పంపేవారు. పదకొండు అంటే పన్నెండు. రిటైరయ్యేరోజు, తన కుర్చీలోకి వచ్చిన పల్లంరాజుగారిని పక్కకి పిలిచి ఆ అడుగు ఆయన చెవిలో వేసి ఇంటికి వెళ్లిపోయారు.

చెప్పి, కొంచెం తేలికపడ్డట్టు కూడా కనిపించారు. లంకకి నావల్ల ఏనాడూ ఇబ్బంది రాలేదమ్మా అన్నారు.

హైమకి ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. మాస్టారి మీద కోపం రావచ్చని కూడా ఇన్నాళ్లూ ఆ పిల్లకి తెలియదు. అద్దంలో వేరే ఎవరో కనిపించినంత ఆశ్చర్యపోయింది. అయినా అడగాల్సింది అడిగింది.

"పల్లంరాజుగారు ఎవరికి చెప్పారండి?"

మాస్టారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. చెప్పే ఉంటాడు అన్నారు. చెప్పకుండా ఎలా ఉంటాడు అన్నారు. ఆ రెండో మాట అంటున్నప్పుడే ఆయన మొహంలో రంగు మారింది.

సంఘం ఫోనుకి డయలు మీద చిన్న తాళం ఉంటుంది. తాళంచెవి ఆయన జంధ్యానికే. తాళం తీసి కాకినాడకి ఫోను చేశారు. పల్లంరాజుగారు రిటైరై అక్కడ అల్లుడి దగ్గరుంటున్నారు. పూజలో ఉన్నారు, అయిదు నిమిషాలాగండి అని అల్లుడు చెప్పాడు. ఆ అయిదు నిమిషాలూ హైమ గోదారినే చూసింది. హాలు మాత్రం తన మానాన తను ఎగువకి పోతూనే ఉంది. ఇలాగే పోయి పోయి ఎనభయ్యారు దగ్గర ఆగితే బాగుండని హైమ అనుకుంది. దిగి, ఆ పైమెట్టు మీద స్టాఫ్ పెట్టబోతున్న యాభయ్యేళ్ల మనిషి చెయ్యి పట్టుకుని, కింద మెట్టు మీద పెట్టండి మాస్టారూ అని చెప్పేసి వచ్చేది.

పల్లంరాజుగారి గొంతు పెద్దది. హైమకీ వినిపించింది. నేనున్న మూడేళ్లూ అడుగు కలిపే పంపానండి అన్నారు. తరవాత వచ్చినాయనకి మాత్రం చెప్పలేదట. "ఆయన నోరు మంచిది కాదు సారండీ. నలుగురిలో మీ పేరు తీసేస్తాడు. నాకు మనసొప్పలేదు. మీరే ఎప్పుడో గేజి మార్పించేసుంటారు అనుకున్నాను."

అంటే నాలుగేళ్లుగా ఆ అడుగు కలిపేవాడు లేడు. ఈ నాలుగేళ్లూ వరద పెద్దగా రాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఎవరి తప్పంటారు? మర్యాద చేసిన తప్పు ఇది. గురువు పేరు పోకూడదని ఒకాయన, తన పేరు పోకూడదని ఒకాయన, ఇద్దరూ కలిసి ఒక లంకని ఆ ఒక్క అడుగు కిందికి తోసేశారు. నాకు రాస్తుంటేనే ఒళ్లు మండుతోంది. కానీ ఆ ఇద్దరి స్థానంలో ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకూ తెలియదు.

ఈసారి హైమే ఫోను అందుకుంది. మాస్టారిని అడగలేదు. చినమడుగు లాకుకి కలిపితే చిట్టియ్య పలికాడు. వానకి అతని మాట సగం సగం వస్తోంది. గేజి ఎంతుందో చెప్పమంది.

"పదకొండుంపావండి అమ్మగారూ. తెల్లారి నుంచి అలాగే నిలబడుందండి. ఇప్పుడే కాస్త ఎగదన్నుతోంది."

రిసీవరు పెట్టి ఆ అంకె పైకి అంది. దాన్ని కూడాల్సిన పని మాస్టారికి లేదు. పన్నెండుంపావు. ఆఫీసు రిజిస్టర్లో ఇంకా ముప్పావడుగు దూరంలో ఉన్న ప్రమాదం నిజం నదిలో ఎప్పుడో దాటిపోయింది. గట్టుకి మిగిలింది ముప్పావడుగు.

ఇక్కడ మీరు ఆయన ఒక్కసారిగా లేచి ఫోను లాక్కున్నారని అనుకుంటున్నారేమో. లేదండీ. మనుషులు అంత తేలిగ్గా లేవరు. పదిహేనేళ్లు దాచిన వస్తువు కనపడగానే ముందు ఇంకాస్త లోపలికి తోస్తారు. ఆయన కాగితాలు దొంతరగా సర్ది, హైమ వైపు జరిపి, ఇవాళ సభలో ఇది చదవకు తల్లీ అన్నారు. వేరే ఏదైనా మాట్లాడు అన్నారు. వరద కంట్రోలు రూముకి పేరు చెప్పకుండా ఇద్దరిలో ఎవరో ఒకరు ఫోను చేసి జాగ్రత్తగా ఉండమని చెబుదాం, పెద్ద ఇంజనీరు ఈఈగారిని నేను స్వయంగా కలిసి అన్నీ వివరంగా చెప్పుకుంటాను అన్నారు. ఎప్పుడండి అని హైమ అడిగింది.

"రేపు."

హైమ ఆయన్నే చూసింది. అరవయ్యయిదేళ్ల మొహం. తనకి స్టాఫ్ నిలువుగా పట్టుకోవడం నేర్పిన మొహం. పరీక్ష పోయిన ఏడు, వచ్చే ఏడు ఉందిలే అని రిక్షా ఎక్కించి పంపిన మొహం. ఆ మొహం ముందు నోరెత్తడం కన్నా గోదాట్లో దూకడం సుఖం అనిపించింది. అయినా ఎత్తింది.

"మళ్లీ రేపా మాస్టారండీ?"

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. మేడమెట్ల మీద చెప్పులు విడుస్తున్న చప్పుడు, గొడుగులు దులుపుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. సభ్యులు వచ్చేస్తున్నారు. తలుపు దగ్గరగా వేసుంది. మాస్టారు లేచి వెళ్లారు. గడియ పెడతారనుకుంది హైమ. ఆయన తలుపు బార్లా తీసేసి, వచ్చినవాళ్లందరినీ లోపలికి రండి, కూర్చోండి అని పిలిచి, తిరిగొచ్చి ఫోను దగ్గర నిలబడ్డారు. నిలబడే నంబరు తిప్పారు.

అవతల కంట్రోలు రూములో డ్యూటీలో ఉన్నాయన పలికాడు.

"నా పేరు లక్ష్మీనరసింహం. రిటైర్డ్ డీఈని. చినమడుగు గేజి ఒక అడుగు తక్కువ చూపిస్తోందండి. నది అక్కడ ఇప్పుడు పన్నెండుంపావు. పాపాయిలంక ఖాళీ చేయించాలి, వెంటనే."

అవతలాయన మర్యాదగానే ఇబ్బంది పడ్డాడు. ఏటేటా ఆ గేజికి రంగులు వేయిస్తున్నామండి, ఏనాడూ ఎవరూ తేడా ఉందనలేదే అన్నాడు. మీరు రిటైరయ్యారంటున్నారు, ఎవరో చెప్పారని లంక ఖాళీ చేయించలేం కదండి అన్నాడు. అసలు అది తప్పని చెప్పిందెవరండి అని అడిగాడు.

హాల్లో పదకొండుమంది ఉన్నారు. సగంమంది ఈయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే.

"తప్పు బిగించింది నేనేనండి" అన్నారు మాస్టారు. "ఎనభై ఏడు నుంచీ నాకు తెలుసు. చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను. రిజిస్టర్లో నా పేరుతోనే రాసుకోండి. కొలిచి పట్టుకున్నది మా శాఖ విద్యార్థిని హైమ, పాపాయిలంక స్కూలు పిల్ల దుర్గాశ్రీ. వాళ్ల పేర్లు కూడా రాయండి."

గొంతు క్లాసు గొంతే. హైమ కళ్లు తుడుచుకోలేదు. ఆయన మీద కోపం పోలేదు, ప్రేమా తగ్గలేదు. రెండూ ఒకే మనిషి మీద ఇంతింత ఉండొచ్చని ఆ పూటే తెలిసింది.

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడైంది. ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతున్నారు. చాలాసేపటికి ఆయన మళ్లీ పలికాడు. ఈసారి గొంతులో అనుమానం లేదు.

"సారండీ, లంక దగ్గర పెట్టిన లాంచీని పొద్దున్న ఎనిమిదింటికే వెనక్కి పిలిపించేశామండి. పైన నిలకడగా ఉంది, పన్నెండు దాటదని లెక్కేశాం. దాన్ని నడపడం తెలిసిన ఒక్క బుల్లిరాజుకి సెలవు కూడా ఇచ్చేశామండి. ఇంటిల్లిపాదీ వ్రతానికని అన్నవరం బస్సెక్కేశారు."

"ఇంకో లాంచీ పంపండి."

"ఈ వడికి నాటుపడవ ఆగదండి" అన్నాడాయన. "మాకున్న లాంచీ అదొక్కటేనండి."